టీ యాప్‌కి లైసెన్సు కావలెను

సాయంత్రం నాలుగింటికి ఎవరికి టీ కావాలో, ఎవరికి చక్కెర వద్దో అడిగి లెక్క తేల్చే యాప్ ఒకటి మా ఆఫీసులో ఉంది. దాన్ని తయారు చేయడానికి నాకు ఒక మధ్యాహ్నం పట్టింది. దానికి లైసెన్సు, అంటే దాన్ని ఎవరు ఏ షరతుల మీద వాడొచ్చో చెప్పే కాగితం, ఎంచడానికి మూడు వారాలు, నాలుగు మీటింగులు, ఒక ఎక్సెల్ షీటు పట్టాయి. ఆ మీటింగుల్లో తాగిన టీల లెక్క యాప్‌లో లేదు. లైసెన్సు లేని యాప్ ఎవరూ వాడకూడదన్నారు మరి.

నవ్వకండి, విషయం చాలా సీరియస్. 1957 నాటి మన కాపీరైట్ చట్టం తీసి, సెక్షన్ 2లో ‘ఓ’ అనే క్లాజు చూడండి. సాహిత్య కృతి అంటే కంప్యూటర్ ప్రోగ్రాములు కూడా అని రాసి ఉంటుంది. అంటే మాదాపూర్‌లో రాత్రి పదకొండింటికి సెమికోలన్ ఎక్కడ జారిపోయిందా అని వెతుక్కుంటున్న ప్రతి మనిషీ చట్టం దృష్టిలో సాహితీవేత్తే. శాలువా కప్పే నాథుడు లేడు, అంతే తేడా. అదే చట్టంలో సెక్షన్ 17 కూడా ఉంది. ఉద్యోగంలో భాగంగా రాసిన దాని మీద, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి హక్కు యజమానిది. పూర్వం కవి తన కావ్యాన్ని రాజుగారికి అంకితమిస్తే అగ్రహారమైనా దక్కేది. ఇవ్వను పొమ్మని మొండికేసిన కవులూ ఉండేవారు. మనం మాత్రం ఐడీ కార్డు ఫోటో దిగకముందే, ఇకమీదట రాయబోయే కావ్యాలన్నీ కలిపి అంకితమిచ్చేసి సంతకం పెడతాం. అగ్రహారం బదులు ఫుడ్ కార్డు ఇస్తారు.

కాబట్టి నా టీ యాప్‌కి లైసెన్సు నేను ఎంచలేనని మొదటి మీటింగులోనే తేలింది. దానికొక కమిటీ పడింది. మేనేజర్ గారు, లీగల్ మేడమ్, కొత్తగా చేరిన ట్రైనీ కుర్రాడు, ముద్దాయిగా నేను.

మా ఫైళ్లూ, చాటూ, క్యాలెండరూ అన్నీ నెక్స్ట్‌క్లౌడ్ మీద నడుస్తాయి. జర్మనీలోని స్టుట్‌గార్ట్ వాళ్ల సాఫ్ట్‌వేర్ సరుకు అది. 2016లో ఓన్‌క్లౌడ్ అనే అలాంటి సరుకు నుంచే చీలి వచ్చింది. సొంత సర్వర్లో పెట్టుకుని, కావలసిన యాప్‌లు తగిలించుకోవచ్చు. ప్రతి యాప్‌కీ ‘ఇన్ఫో’ అనే చిన్న ఫైలు ఉండాలి. పేరు, వెర్షను, రాసినవాళ్లు, లైసెన్సు అందులో నింపాలి. మొదటి మూడూ నింపడానికి రెండు నిమిషాలు చాలు. నాలుగోది నింపేటప్పుడు మా కుర్రాడు లైసెన్సు స్పెల్లింగులో రెండో ‘సి’ బదులు అమెరికా పద్ధతిలో ‘ఎస్’ కొట్టాడు. ఆ ఫైలుకి బ్రిటిష్ స్పెల్లింగే కావాలి, ఎర్రర్ కొట్టింది. ఏ లైసెన్సు అన్న ప్రశ్నకి ముందు, లైసెన్సు అనే మాట ఎలా రాయాలన్న ప్రశ్నకే మాకు ఒక పూట పోయింది.

ఇన్నాళ్లూ ఆ గడి ఎలా నింపామో ఈ సందర్భంగా ఒప్పుకోవాలి. పక్కవాడి ఫోల్డర్లోంచి లైసెన్సు ఫైలు కాపీ కొట్టి అతికించాం. కమిటీ పాత యాప్‌లు తిరగేస్తే, ఐదింటి కాపీరైట్ ‘ఇయర్, ఫుల్ నేమ్’ అనే పెద్దమనిషి పేరు మీద ఉంది, బ్రాకెట్లతో సహా. ఖాళీలు పూరించండి అని నమూనాలో ఇచ్చింది పూరించకుండా వదిలేశాం. చట్ట ప్రకారం కాపీరైట్ రచయిత పోయాక 60 ఏళ్లు ఉంటుంది. ఫుల్ నేమ్ గారు ఎక్కడుంటారో, ఆరోగ్యం ఎలా ఉందో కనుక్కోమని అడ్మిన్‌కి టికెట్ వేశాను. ఇంకా ఓపెన్‌లోనే ఉంది.

రెండో మీటింగులో అభ్యర్థుల పరిచయం. ట్రైనీ కుర్రాడు ఎంఐటీ లైసెన్సు అన్నాడు. పెళ్లి శుభలేఖ అంత ఉంటుందది, నూట డెబ్భై పదాల చిల్లర. ఏమైనా చేసుకోండి, నా పేరు తీసేయకండి, కొంప మునిగితే నా మీదకి రాకండి, అంతే దాని సారం. మేనేజర్ గారికి ‘ఏమైనా చేసుకోండి’ దగ్గర టెన్షన్ వచ్చింది. “రేపు మన కాంపిటీటర్ వాడేసుకుంటే?” అన్నారు. మనవాళ్లలో ఎంతమంది అల్లం టీ తాగుతారో బయటికి పొక్కితే మార్కెట్లో మన పరిస్థితి ఏమిటన్నది ఆయన బాధ.

కుర్రాడు వెనక్కి తగ్గలేదు. డెన్మార్క్ ప్రోగ్రామర్ పౌల్-హెన్నింగ్ కాంప్ పెట్టిన బీర్‌వేర్ లైసెన్సు సంగతి చెప్పాడు. కోడ్ నచ్చి, ఎప్పుడైనా మనం కలిస్తే, నాకో బీరు ఇప్పించొచ్చు అంటుందది. మనం టీవేర్ అని పెడదాం సార్ అన్నాడు. ఆ టీకి జీఎస్టీ ఎవరు కడతారని లీగల్ మేడమ్ అడిగారు. అయితే జేసన్ లైసెన్సు అన్నాడు. అది ఎంఐటీకి ఒక్క వాక్యం తగిలించిన సరుకు: ఈ సాఫ్ట్‌వేర్‌ని మంచికే వాడాలి, చెడుకి వాడకూడదు. వినడానికి సుమతీ శతకంలా ఉన్నా, ఏది మంచో ఏది చెడో తేల్చేదెవరని డెబియన్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ బృందాలు దాన్ని గడప తొక్కనివ్వలేదు. మా దగ్గరా అదే చిక్కు. శుక్రవారం సాయంత్రం టైమ్‌షీట్ గుర్తు చేసే యాప్ మంచి కిందికి వస్తుందా, చెడు కిందికి వస్తుందా అని అరగంట వాదన జరిగింది. చివరికి ఓటింగ్ పెడితే మేనేజర్ గారు ఒక్కరే ఒకవైపు.

“ఈ గొడవంతా ఎందుకు, కొనేస్తే పోదా?” అన్నారాయన. కొనడం తేలికనుకునేవాళ్లు అట్లాసియన్ అనే కంపెనీ యాప్‌ల అంగడి, మార్కెట్‌ప్లేస్‌లో ఏళ్లుగా నడిచిన లెక్క చూడాలి. ఆఫీసు పనుల లెక్క చూసే వాళ్ల జిరాలో ఎంతమంది యూజర్లుంటే, దానికి తగిలించే యాప్‌కీ అంతమందికి కట్టాలి. ఆ యాప్ ముట్టుకునేది ఏడుగురే అయినా సరే. పెళ్లికి ఆరువందల మంది వస్తే, ఉలవచారు పోయించుకునేది ఏడుగురే అయినా, ఆరువందల ప్లేట్లకీ ఉలవచారు బిల్లు వేసినట్టు. ఇది విన్నాక మేనేజర్ గారికి ఓపెన్ సోర్స్ మీద, అంటే కోడ్ అందరికీ తెరిచి పెట్టే పద్ధతి మీద, ఎక్కడలేని భక్తీ పుట్టుకొచ్చింది.

మూడో మీటింగులో ఆయన అడిగింది ఒక్కటే: ఎంచుకున్నాక మార్చుకోవచ్చా? మార్చుకోవచ్చు, మారుస్తున్నారు కూడా. పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీలనే చూడండి. ఎలాస్టిక్ వాళ్లు 2021లో పాత ఓపెన్ సోర్స్ లైసెన్సు వదిలారు, 2024లో ఏజీపీఎల్ అనే లైసెన్సు జెండాతో ఓపెన్ సోర్స్ సొంతగూటికి చేరారు. హాషీకార్ప్ 2023లో మారితే ఓపెన్‌టోఫు అనే చీలిక వర్గం పుట్టింది. రెడిస్ 2024 మార్చిలో మారింది, వాల్కీ అనే చీలిక పుట్టింది, 2025 మేలో రెడిస్ కూడా ఏజీపీఎల్ కండువా కప్పుకుంది. మన ఎమ్మెల్యేలకన్నా వీళ్లే నయం. నియోజకవర్గ అభివృద్ధి కోసమే అని ఎవరూ అనలేదు.

ఈ ఏజీపీఎల్ ఏమిటో లీగల్ మేడమ్ భోజనం బాక్సు ముందు పెట్టుకుని చెప్పారు. దీని అన్న జీపీఎల్ అనే లైసెన్సు అంటే, ఆవకాయ జాడీ మీ చేతికిస్తే చేసే విధానం కూడా ఇవ్వాలి. అయితే నేను జాడీ ఇవ్వను, మా ఇంటికొచ్చి తినిపొండి అంటే ఇవ్వక్కర్లేదు. సర్వర్లో యాప్ పెట్టి వాడుకోమనే కంపెనీలు చేసేది ఇదే. ఆ సందు మూయడానికి 2007లో ఏజీపీఎల్ మూడో వెర్షను వచ్చింది. దాని సెక్షన్ 13 ప్రకారం, విధానం నువ్వు మార్చి ఉంటే, నీ ఇంట్లో కూర్చుని తిన్నవాడికి కూడా మార్చిన విధానం చూపించాలి. జాడీ దాటకపోయినా సరే.

“మరి మన యాప్ దేనిమీద కట్టారు?” అని ఆవిడ ఊరికే, ఆవకాయ కలుపుకుంటూ అడిగారు.

ఇక్కడ నేనొక నిజం చెప్పాలి. తయారు చేశాను అన్నాను గానీ, చేసింది మార్పులే. నెక్స్ట్‌క్లౌడ్‌లో ఎప్పటినుంచో ఉన్న ఓటింగ్ యాప్ తెచ్చి, ‘అవును, కాదు’ ఉన్నచోట ‘చక్కెర, వితౌట్’ అని పెట్టాను. నాలుగో మీటింగులో, మూడు వారాల్లో మొట్టమొదటిసారి, ఒకరు ఆ యాప్ ఫోల్డరు తెరిచారు. లైసెన్సు ఫైలు అక్కడే ఉంది, మొదటి రోజు నుంచీ ఉంది. ఏజీపీఎల్, మూడో వెర్షను. అది మార్చే అధికారం నాకూ లేదు, కంపెనీకీ లేదు, ఫుల్ నేమ్ గారికి కూడా లేదు. ఎక్సెల్ షీటులో పదకొండు లైసెన్సులకి మార్కులు వేసి, రంగులు నింపి పెట్టుకున్నాం. కమిటీ తన ఎంపికని ఏకగ్రీవంగా ఆమోదించుకుంది.

ఆ మర్నాడు, సెక్షన్ 13ని గౌరవించి, యాప్ అడుగున ‘సోర్స్ కోడ్’ అని ఒక లింకు పెట్టాను. వాడేవాళ్లంతా మా ఆఫీసువాళ్లే, వాళ్లలో కోడ్ చదివే ఓపిక ఎవరికుంది అనుకున్నాను. కోడ్‌లో కామెంట్లు, అంటే రాసినవాడు పక్కన రాసుకునే మాటలు, ఉంటాయన్న సంగతి ఆ రాత్రి ఇంటికెళ్లాక, కంచం ముందు కూర్చున్నాక గుర్తొచ్చింది. ఇంగ్లిష్ అక్షరాల్లో, తెలుగులో రాసుకున్నవి. యాభై మూడో లైను దగ్గర: ‘దీన్ని ముట్టుకోవద్దు. ముట్టుకుంటే పడిపోద్ది. ఎందుకో నాకూ తెలీదు.’ నూట పన్నెండో లైను దగ్గర: ‘సార్ వితౌట్ అంటారు, ఆ తర్వాత రెండు బిస్కెట్లు లాగిస్తారు. షుగర్ లెక్కలో కలపాలా?’

పొద్దున్నే వెళ్లి చూస్తే నా ఆమోదం కోసం కోడ్‌లో ఒక మార్పు వచ్చి ఉంది. మేనేజర్ గారు పదేళ్ల తర్వాత మొదటిసారి కోడ్ ముట్టుకున్నారు. నూట పన్నెండో లైనులో ‘రెండు బిస్కెట్లు’ కొట్టేసి ‘ఒక బిస్కెట్’ అని దిద్దారు. కింద కారణం రాయాల్సిన చోట ‘బగ్ ఫిక్స్’ అని ఉంది.

చూసి అప్రూవ్ చేయబోతుంటే లీగల్ మేడమ్ ఆపారు. ఆయన దిద్దిన ఆ లైను కూడా సాహిత్య కృతేనట. సెక్షన్ 17 కింద దానిమీద మొదటి హక్కు కంపెనీది కాబట్టి, కలిపే ముందు కంపెనీ అనుమతి పత్రం కావాలి. వచ్చే మంగళవారం మీటింగు. టీకి మాత్రం యాప్‌లోనే ఓటేయమన్నారు.