కరణం మిద్దె గారికి వారసుడి విన్నపం

మహారాజశ్రీ నాపరాతి మిద్దె గారి సముఖమునకు, తమ ప్రస్తుత వారసుడు నమస్కరించి వ్రాయు మనవి. ఉభయకుశలోపరి. నిన్న మధ్యాహ్నమంతా ఒక కార్యాలయం వరండాలో నిలబడి వచ్చాను. తమరు ఎవరి సొత్తో రుజువు చూపమన్నారు. దంతెలు అనే అడ్డకర్రలు, వాటి మీద పరిచిన బండలు, ఆ బండల మీద చౌడు మట్టి, వెలుతురుకు గవాచి, అన్నీ ఫొటోలు తీసి పట్టుకెళ్లాను. గుమస్తాగారు వాటిని మర్యాదగా పక్కన పెట్టి, "లింకు డాక్యుమెంటు లేదా?" అని అడిగారు.

లేదు, పాత హక్కు కాగితమేదీ లేదు. తమరున్నది ఊళ్లో ఇళ్లకు విడిచిన గ్రామకంఠంలో. ఏ చేను ఎవరి సాగులో ఉందో రాసే అడంగల్ పొలానికి ఉన్నట్టు అక్కడ ఇంటింటికీ ఉండదని నాకూ తెలుసు. నాకు మింగుడుపడనిది వేరే ఉంది. తమలో కాపురమున్నది కరణాలు. 1800లో నిజాం ఈ రాయలసీమను ఈస్టిండియా కంపెనీకి అప్పగించి, కలెక్టరు మన్రో దొర పొలాలు కొలిపించిన నాటి నుంచి, 1984 జనవరిలో ఎన్టీఆర్ ప్రభుత్వం కరణీకాలను రద్దు చేసేదాకా ఊరి లెక్కలు మనవాళ్లే రాశారని ఇంట్లో గొప్పగా చెబుతారు. ఏ ఫసలీలో, అంటే ఏ శిస్తు సంవత్సరంలో, ఎవరు ఏ పైరు వేశారో, ఎవరి శిస్తు ఎంత బకాయి ఉందో, ఏ గట్టు మీది చింతచెట్టు సర్కారుదో, అంతా తమ పడసాలలో కూర్చునే రాశారు. ఊరందరికీ కాగితం రాసిచ్చిన ఆ మహానుభావులకు తలదాచుకుంటున్న ఇంటి కోసం ఒక్క ముక్క రాసుకుందామని తోచలేదు.

వారు రాయకుండా వదిలిన జాగాలో కథలు మాత్రం పుష్కలంగా పెరిగాయి. 1846లో కోయిలకుంట్ల ఖజానాను కొట్టిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డి ఒక రాత్రి తమ జొన్నపాతరలో, జొన్నలు దాచే గోతిలో, దాక్కున్నాడట. కంపెనీ లెక్కలు రాసి బతుకుతున్న కరణం, కంపెనీ వెతుకుతున్న మనిషిని జొన్నల్లో దాచాడన్నమాట! (ఈ చుట్టుపక్కల ఆయన దాక్కోని పాతర ఉంటే చెప్పండి, చూసి వస్తాను.) 1876–78 నాటి పెద్దకరువులో అదే పాతరను ఊరికోసం తెరిచామని మావాళ్లంటారు. తెరిచిన మాట నిజమేననీ, ధర కూడా అప్పుడే పెంచారనీ ఎదురింటివాళ్లంటారు.

అమెరికాలోని మా అన్నదమ్ములకు తమరు వారసత్వ సంపద. వాట్సాప్ బృందానికి తమ పేరే పెట్టుకున్నారు, గుమ్మానికి ఫలకం కూడా వేయిద్దామన్నారు. పైకప్పుకు కొత్త చౌడు తోలించాలి, తలా కొంత పంపండి అన్నాక బృందంలో సంక్రాంతి శుభాకాంక్షలు తప్ప ఇంకేమీ రావడం లేదు. అంతకుముందు ఒక చిన్నాన్న కప్పు కారే ఉరుపు ఆగుతుందని సున్నపు గార చెక్కించి సిమెంటు పూయించాడు. లోపలి చెమ్మ బయటికి పోయే దారిలేక బండలు పొరలు పొరలుగా ఊడుతున్నాయి. చింతపులుసు ఒలికిన చోటల్లా పాలిపోయే తమ వంటింటి నేల సంగతి ఇప్పుడెందుకులెండి.

ఇక మర్యాద చాలు. నీలో పుట్టి, పెరిగి, చచ్చిన ఆ పెద్దమనుషులకు ఇల్లు పోతుందన్న భయం ఒక్కనాడూ లేదు, ఎందుకంటే పోగొట్టే కలం వాళ్ల చేతిలోనే ఉండేది! భూమి ఎవరిదో తేల్చే పెత్తనం వాళ్లది, ఆ పెత్తనం పోయాక వరండాలో పడిగాపులు నావి. గూళ్లన్నీ తడిమాను, అటక ఎక్కాను, దూలాల సందుల్లో చేతులు పెట్టాను. దొరికింది చెదలు తిన్న పంచాంగాలు.

చివరికి గుమస్తాగారే ఒక దారి చూపించారు. ఈ ఇల్లు తరతరాలుగా మీ అనుభవంలోనే ఉందని ఊరి పెద్దలిద్దరి చేత సంతకం పెట్టించుకు రమ్మన్నారు. ఎదురింటి పెద్దాయన దగ్గరికి వెళ్లాను. ఆయన కాగితం ఆసాంతం చదివించుకుని, "ఏం సామీ, మీ తాత మా వంక చేను అడంగల్లో ఇంకొకని పేరున రాసినాడు. మా నాయన కోర్టుల చుట్టూ తిరిగి తిరిగి సచ్చిపాయె. ఇప్పుడు మీ ఇంటికి నేను సాక్షినా?" అన్నాడు. ఆ పాత అడంగల్ తెచ్చి చూపిస్తే అప్పుడు ఆలోచిస్తానన్నాడు.

కాబట్టి మిద్దెగారూ, తమ సొంత కాగితం లేకపోతే పోనివ్వండి. ఆ వంక చేను కాగితాన్ని మా తాత ఏ బండ కింద పెట్టాడో అదైనా చెప్పండి. సోమవారం లోపల కావాలి.

ఇట్లు,
తమ పన్ను కడుతున్నవాడు