సొంత లారీకి కిరాయి భరోసా ఏది?

ఏళ్ల తరబడి జీతానికీ బత్తాకీ లారీ నడిపిన మనిషి ఒకనాటికి సొంత బండి కొనాలనుకోవడం సహజం. దారులు తెలుసు, ఏ ఊళ్లో లోడు దొరుకుతుందో తెలుసు, ఇంజిన్ చప్పుడు వింటే జబ్బేమిటో తెలుసు. విజయవాడ ఆటోనగర్‌లో, గుంటూరు మిర్చి యార్డు దగ్గర, విశాఖ పోర్టు రోడ్డులో కనిపించే ఓనర్లలో క్లీనర్లుగా బండెక్కి పైకి వచ్చినవాళ్లు తక్కువేమీ కాదు. చదువు పెద్దగా లేనివాళ్లు కష్టాన్ని నమ్ముకుని యజమానులైన దారి అది. ఆ దారి ఇప్పుడు ఇరుకవుతోంది. అప్పు దొరక్క కాదు, చేసిన పనికి డబ్బు వేళకు అందక.

కొనడం నిజానికి తేలికైంది. 2025 సెప్టెంబరు 22 నుంచి లారీలపై జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. చేతిలో కొంత సొమ్ముంటే ఫైనాన్స్ కంపెనీలు మిగతాది సర్దుతున్నాయి. కష్టమంతా ఆ తర్వాత మొదలవుతుంది. కిరాయి కుదిరాక చేతికొచ్చే అడ్వాన్సు డీజిల్‌కీ ఫాస్టాగ్‌కీ సరిపోతే గొప్ప. సరుకు దించి, సంతకం పెట్టించిన రసీదు పంపాక రావాల్సిన బ్యాలెన్స్ కోసం ట్రాన్స్‌పోర్టు ఆఫీసు చుట్టూ వారాల తరబడి తిరగాలి. బంకులో అప్పు పుట్టదు, టోల్‌గేటు ఆగదు, కిస్తీ తేదీ మారదు. అందరికీ ముందే కట్టేదీ, అందరికన్నా చివర డబ్బు చూసేదీ ఈ ఒక్క బండి ఓనరే. ఇరవై లారీలున్నవాళ్లు ఈ ఆలస్యాన్ని తట్టుకుంటారు. ఒకే లారీ ఉన్నవాడు వడ్డీకి తెచ్చుకుంటాడు, లేదా నిద్ర మానేసి మరో లోడు పట్టుకుంటాడు. ఆ నిద్రలేమి ఎవరి ప్రాణం మీదికి తెస్తుందో హైవేల మీద తిరిగే అందరికీ తెలుసు.

దీనికి చట్టం లేదనుకుంటే పొరపాటు. సూక్ష్మ, చిన్న సంస్థలకు 45 రోజుల్లోపు డబ్బు చెల్లించి తీరాలని 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం చెబుతోంది. ఆలస్యమైతే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్లు చక్రవడ్డీ కట్టాలి. ఒక్క లారీ ఉన్నా, చిన్న సంస్థల నమోదుకు కేంద్రం పెట్టిన ఉద్యమ్ పోర్టల్‌లో పైసా ఖర్చు లేకుండా నమోదు చేసుకోవచ్చు. అయితే ఫోన్‌లో మాట్లాడుకున్న కిరాయికి కాగితం ఏది? కాగితం లేనివాడు ఫిర్యాదు ఎలా చేస్తాడు? చేస్తే ఆ ఆఫీసు నుంచి మళ్లీ లోడు రాదన్న భయం వేరే.

ఓవర్‌లోడు సంగతీ ఇంతే. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ తర్వాత జరిమానా 20 వేల రూపాయలు, ఆపైన అదనపు టన్నుకు రెండేసి వేలు. బరువు ఎక్కించినవాళ్లనూ బాధ్యులను చేసే వీలు చట్టంలో ఉన్నా, తనిఖీలో దొరికేది లారీయే. టన్నుకింతని కిరాయి ఇచ్చే చోట ‘నేను మోయను’ అంటే వెనకాల మరో బండి సిద్ధంగా ఉంటుంది. 2018లో మూడు యాక్సిళ్ల లారీ మొత్తం బరువు పరిమితిని 25 నుంచి 28.5 టన్నులకు పెంచారు. అంతే సరుకుకు తక్కువ బండ్లు చాలు కాబట్టి లోడు కోసం పోటీ ఇంకా పెరిగింది.

బండి కొనాలనుకునే డ్రైవర్ సోదరులకూ ఒక మాట. లెక్క వేసేటప్పుడు మీ జీతాన్ని కూడా ఖర్చులో రాయండి. చాలామంది దాన్ని వదిలేసి, మిగిలిందంతా లాభమనుకుంటారు. రెండు నెలల కిస్తీ చేతిలో లేకుండా సంతకం పెట్టొద్దు. థర్డ్ పార్టీ బీమా పెద్ద బండికి ఏటా 40 వేలు దాటుతుంది, నేషనల్ పర్మిట్‌కు 16,500 కట్టాలి. పాత బండి చౌకగా వస్తోందని తొందరపడొద్దు. పన్నెండేళ్లు దాటితే మామూలు లారీకి నేషనల్ పర్మిట్ రాదు, రెండుకు మించి యాక్సిళ్లున్న మల్టీ యాక్సిల్ బండికైతే పదిహేనేళ్లు. అన్నిటికన్నా ముందు రిటర్న్ లోడు చూసుకోండి. ఖాళీగా తిరిగొచ్చే దారిలో డీజిల్ మీ జేబులోంచే పోతుంది.

ప్రభుత్వాలు చేయాల్సింది మాత్రం ఇంకా పెద్దది. తెలంగాణలో దళితబంధు కింద ఎన్నో కుటుంబాలు వాహనాలే ఎంచుకున్నాయి. వాహనం ఇప్పించిన ప్రభుత్వానికి లోడు, కిరాయి గురించి పట్టించుకునే బాధ్యత లేదా? మొదటి లారీ రిజిస్ట్రేషన్ రోజునే రవాణా కార్యాలయంలో ఉద్యమ్ నమోదు చేయించాలి. కిరాయి, అడ్వాన్సు, బ్యాలెన్స్ తేదీ, లారీని ఆపి ఉంచితే ఇచ్చే హాల్టింగ్ చార్జీ రాసిన చీటీ లేకుండా లోడింగ్ జరగకూడదు. రేషన్ బియ్యం, ధాన్యం, బొగ్గు రవాణా కాంట్రాక్టులు ఇచ్చేది ప్రభుత్వ సంస్థలే కాబట్టి, లారీ ఓనర్‌కు 15 రోజుల్లో కిరాయి చేరినట్టు రుజువు చూపితేనే కాంట్రాక్టర్ తదుపరి బిల్లు పాసవుతుందని టెండర్‌లోనే షరతు పెట్టాలి. దీనికి కొత్త చట్టం అక్కర్లేదు, బడ్జెట్ అక్కర్లేదు. వచ్చే సీజన్ ధాన్యం రవాణా టెండర్ల నుంచే రెండు రాష్ట్రాలూ దీన్ని అమలు చేయాలని కోరుతున్నాం.