జమ్మి అని నేను కొన్నది సర్కారు తుమ్మ

పోయిన దసరాకు హన్మకొండ చౌరస్తాల 20 రూపాయలు పెట్టి జమ్మి కొమ్మ కొన్న. ఇంటికొచ్చి ముల్లు చూసిన. సర్కారు తుమ్మ! దానికి ముండ్లు ఆకు పుట్టేకాడ జంటగ, సూదుల లెక్క ఉంటయి. జమ్మికైతే కణుపుల నడుమ అక్కడొకటి ఇక్కడొకటి, పొట్టిగ, మొదలు వెడల్పుగ ఉంటయి. నేను చూసేసరికే ఇంట్ల అందరు ఆ ఆకును బంగారమని పెద్దల చేతుల పెట్టి కాళ్లు మొక్కిన్రు. పండుగ పూట ఎందుకని నేనేమనలె.

అమ్మినాయన మీద కోపం లేదు. ఆయన మాత్రం జమ్మి యాడికెల్లి తెస్తడు? 2014ల జమ్మిని రాష్ట్ర వృక్షం చేసుకున్నం, తంగేడును రాష్ట్ర పువ్వు చేసుకున్నం. రెండూ గుట్టల కింద, చెల్క గట్ల మీద, మొరం నేలల బతికేటియే. ఆ జాగలకు మనం పెట్టుకున్న పేరేమో బంజరు. బంజరంటే ఇగ జేసీబీ దింపుడు, హద్దురాళ్లు పాతుడు, వెంచర్ బోర్డు పెట్టుడు.

ఆరేండ్లు దుబాయ్‌ల పని చేసి వచ్చినోన్ని. మొదటి యేడు సైటుకు బస్సుల పోతుంటే ఇసుక దిబ్బల నడుమ ఒంటిగ ఓ చెట్టు కనవడ్డది. గుండె ఝల్లుమన్నది, అచ్చం మా గట్టు మీది జమ్మి! అక్కడోళ్లు గాఫ్ అంటరు. ఆ దేశానికి అది జాతీయ వృక్షం. 2019ని సహన సంవత్సరమని జరుపుకున్నప్పుడు గుర్తుగ పెట్టుకున్నది గూడ దాన్నే. రాజస్థాన్‌ల అదే ఖేజ్రీ, దాని కాయలు ఎండబెట్టి కూర వండుకుంటరు. 1730ల ఖేజర్లీ ఊర్ల ఆ చెట్లను కొట్టనియ్యమని అమృతా దేవి, ఆమె ఎనుక బిష్ణోయీలు మొత్తం 363 మంది పానాలు ఇచ్చిన్రు. మన దగ్గర రియల్ ఎస్టేటోడు పొద్దుగూకేలోపు గట్టంత సాపు చేస్తే అడిగేటోడు లేడు.

చెట్టుకు చేతగాక పోతలేదు. వేరు 30 మీటర్ల దాకా నీళ్లు దేవులాడుకుంటది. ఏడాదికి 100 మిల్లీమీటర్ల వాన గూడ సరిగ పడని జాగల నిలవడ్డ చెట్టు అది. మన వరంగల్ల 900 దాటుతది.

ఆదివారాలు ధర్మసాగర్ దిక్కు గుట్టలెంట తిరుగుత. మా ఇంటామె దీన్ని పిచ్చి అంటది, అననియ్యి. బండల సందుల చారెడు మట్టి ఉన్నకాడ బలుసు. బతికుంటే బలుసాకు తినొచ్చు అన్నరు గని, ఆ బలుసు ఎట్లుంటదో ఎందరికి ఎరుక? కొంచెం దిగువకు పరికి కంప, మొరం మీద తంగేడు. జిల్లేడు ఎక్కువ కనవడితే ఆ నేలను ఎవరో గెలికిన్రని, లేకుంటే మేకలు బాగ మేసినయని లెక్క. పాలు కారే ఆ ఆకును మేక అంతగ ముట్టది, అందుకే మిగులుతది. ఓ మేకల కాక చెప్పిండు: "జమ్మి కింద జొన్న మంచిగ వచ్చేది సారూ, నీడ పలుచన గద." పుస్తకాలల్ల గూడ అదే ఉన్నది, ఆయన సదువకుంటనే చెప్పిండు.

పోయిన ఎండకాలం ఆ జాగనే మొక్కలు పెడ్తమని చదును చేసిన్రు. అమెరికా ఖండాల నుంచి దిగిన సర్కారు తుమ్మ పీకితే నాకేం బాధ లేదు. దానితోని పాటు బలుసు, పరికి, తంగేడు అన్ని పోయినయి. జేసీబీకి ముల్లు తేడా తెల్వదు గద. మల్ల నాటిందేంది? కోనోకార్పస్. సోమాలియా దిక్కు చెట్టు అది, దుబాయ్‌ల రోడ్ల పొంటి చూసి చూసి విసుగొచ్చింది. మన జమ్మి ఆడ జాతీయ వృక్షమైతే, ఆడ విసుగు పుట్టించింది ఈడ డివైడర్ల మీదికి, గుట్ట మీదికి ఎక్కింది.

మా గట్టు మీద జమ్మి ఒక్కటే మిగిలింది, తాత నాటిది. ఈ దసరాకు ఆకు కావాల్నంటే రాండ్రి, పైసలు అక్కర లేదు. కొమ్మ మాత్రం ఇరువొద్దు, ఆకు దూసుకపోండ్రి. ముండ్లు గుచ్చుకుంటయి, పైలం.