వగరు పోయిన చాక్లెట్‌తో బీపీ తగ్గుతుందా?

పొద్దున్నే ఆర్కే బీచ్‌లో నాతో నడిచే ఓ పెద్దాయన కాళీమాత గుడి దాటగానే జేబులోంచి చాక్లెట్ తీస్తారు. "బీపీకి మంచిదట బాబూ, రోజూ చిన్న ముక్క చాలట." విశాఖ ఉక్కకి అది అప్పటికే కవరుకి అంటుకుపోయి ఉంటుంది.

ఆయన మాట ఉత్త పుకారేం కాదు. 2007లో జర్మనీ పరిశోధకులు 44 మందిని రెండు జట్లు చేసి, ఒక జట్టుకు 18 వారాలు రోజూ 6.3 గ్రాముల డార్క్ చాక్లెట్, రెండో జట్టుకు వైట్ చాక్లెట్ పెట్టారు. డార్క్ తిన్నవాళ్లకి పై బీపీ మూడు పాయింట్ల దాకా తగ్గింది. అంతే, మూడు. మాత్ర మానేసేంత తగ్గుదల కాదది.

పని చేసేది చాక్లెట్ కాదు, కోకో గింజలో సహజంగా ఉండే ఫ్లేవనాల్స్ అనే పదార్థాలు. రక్తనాళాల్లో నైట్రిక్ ఆక్సైడ్‌ని పెంచి నాళాలు సడలేలా చేస్తాయి. నాలుక మీద వీటి గుర్తు వగరు, చేదు. మన గోదావరి జిల్లాల్లో కొబ్బరి చెట్ల నీడన పండే గింజలోనూ ఆ వగరు దండిగానే ఉంటుంది. తర్వాత పులియబెడతారు, వేయిస్తారు, కొన్నిచోట్ల రంగు, రుచి కోసం క్షారంతో శుద్ధి చేస్తారు. ప్రతి మెట్టులోనూ ఫ్లేవనాల్స్ కొంత పోతాయి. మిగిలినదానికి పాలు, పంచదార కలిపి పిల్లలు మెచ్చేలా చేస్తారు. అంటే డబ్బిచ్చి మరీ మందుని తీయించేసి కొనుక్కుంటున్నాం!

అమెరికాలో 21 వేల మందికి పైగా పెద్దవాళ్లపై జరిగిన కాస్మోస్ అధ్యయనం ఫలితాలు 2022లో వచ్చాయి. కోకో తీసుకున్నవాళ్లలో గుండెజబ్బు మరణాలు 27 శాతం తక్కువని పేపర్లన్నీ రాశాయి. అయితే అసలు తేల్చాలనుకున్నది గుండెపోటు, పక్షవాతం వగైరా అన్నీ కలిపిన లెక్క; అందులో తేడా గట్టిగా నిలబడలేదు. ఖర్చులో కొంత భరించింది చాక్లెట్లమ్మే మార్స్ కంపెనీ. పైగా అక్కడ ఇచ్చింది చాక్లెట్ కాదు, రోజుకి 500 మిల్లీగ్రాముల ఫ్లేవనాల్స్ ఉన్న కోకో సారం క్యాప్సూళ్లు.

షుగర్ ఉన్నవాళ్లు ఈ తేడా తెలుసుకోకుండా మిల్క్ చాక్లెట్ మొదలుపెడితే బీపీ మాట అటుంచి, ఉన్న షుగరే ముదురుతుంది. తినాలనుంటే కోకో 70 శాతం దాటిన డార్క్ చాక్లెట్ ఓ ముక్క, అదీ రుచి కోసం. నాకూ అదే ఇష్టం, బీపీ లేకపోయినా.

మొన్న పెద్దాయన్ని కవరు మీద పదార్థాల జాబితా చదవమన్నాను. ఎక్కువ ఉన్నదే ముందు రాస్తారు కదా, చూడండి, అన్నాను. మొదటి మాట చక్కెర.

"కళ్లజోడు ఇంటి దగ్గర ఉండిపోయింది బాబూ" అన్నారు, ముక్క నోట్లో వేసుకుంటూ.