జియస్ గారి మనోభావాల సంగతి ఎవరికీ పట్టదా?

మన దగ్గర ఏ దేవుణ్ణి ఏ సినిమాలో ఎలా చూపించినా సాయంత్రానికల్లా ఎవరో ఒకరి మనోభావాలు దెబ్బతింటాయి, టీవీలో డిబేట్ పెడతారు, ఆరుగురు కూర్చుని ఒకేసారి అరుస్తారు. మంచిదే, దేవుడన్నాక ఆ మాత్రం అడిగే దిక్కుండాలి కదా. మరి గ్రీకుల దేవుడు, ఆకాశానికి అధిపతి, పిడుగు చేత్తో పట్టుకుని తిరిగే జియస్‌ని 2024 ఆగస్టులో నెట్‌ఫ్లిక్స్ వాళ్ళు ట్రాక్‌సూట్ తొడిగి నిలబెడితే ఒక్కడంటే ఒక్కడు నోరెత్తలేదు. అందుకని ఆ బాధ్యత నేనే తీసుకుంటున్నా. నాకు గ్రీకు రాదు, ఒలింపస్ కొండ ఎక్కలేదు, ఆయనకి ఒక్క అగరొత్తి కూడా వెలిగించలేదు, అయినా మనోభావాలు దెబ్బతినడానికి ఇవేవీ అక్కర్లేదని మన టీవీ ఛానళ్ళు ఎప్పుడో తేల్చేశాయి.

సిరీస్ పేరు కేయాస్. ఎనిమిది ఎపిసోడ్లు. జియస్ వేషానికి మొదట హ్యూ గ్రాంట్‌ని అనుకుని తర్వాత జెఫ్ గోల్డ్‌బ్లమ్ దగ్గరికొచ్చారు, అంటే సర్వలోకాధిపతి పాత్రకి కూడా సెకండ్ ఛాయిసే, సర్లే అది పక్కనపెడదాం. కథేంటంటే ఆయన ఒకరోజు పొద్దున్నే అద్దంలో చూసుకుంటాడు, నుదుటి మీద ఓ గీత కనిపిస్తుంది. అంతే, ముడత! మామూలు మనిషైతే క్రీమ్ ఆర్డర్ పెట్టుకుంటాడు, ఈయనకేమో పాత జోస్యం ఒకటుంది, గీత కనబడితే కుటుంబం కూలిపోతుంది, లోకం అల్లకల్లోలం అయిపోతుంది అని. మనకి తలరాత కనబడదు కాబట్టి బతికిపోతున్నాం, పాపం ఆయనకి కనబడింది, ఇంక ఆరోజు నుంచి మనశ్శాంతి లేదు. క్రీట్‌లో కొత్తగా కట్టిన స్మారకం మీద ఎవరో పేడ పూశారని ఉడికిపోతాడు, జనానికి భయం తగ్గింది కాబట్టి ఓ నాలుగు విపత్తులు పంపిస్తే దారికొస్తారని ప్లాన్లేస్తాడు. చేతి గడియారం పోతుంది, దొంగ సొంత కొడుకు డయొనైసస్, ప్రాణాలు మాత్రం ఇంట్లో పనిచేసే కుర్రాళ్ళవి పోతాయి. నీరసంగా అనిపిస్తే చిటికేసి ప్రోమిథియస్‌ని పిలిపించుకుని గోడు వెళ్ళబోసుకుంటాడు. ఈ ప్రోమిథియస్ ఎవరనుకున్నారు, జియస్ కొండకి గొలుసులతో కట్టేసి, రోజూ గద్ద చేత కాలేయం పొడిపించేది ఈయన్నే, మళ్ళీ మనసు విప్పి మాట్లాడుకునే ఫ్రెండూ ఈయనే! ఆ ఫ్రెండు మనవైపు తిరిగి, జియస్‌ని ఎలా దించబోతున్నానో నింపాదిగా చెప్తుంటాడు.

ఇంటి సంగతి చెప్పుకుంటే ఇంకా సిగ్గుచేటు. ఆయన భార్య హీరాకి, ఆయన సొంత అన్నదమ్ముడు పోసైడన్‌కి మధ్య వ్యవహారం నడుస్తుంటుంది. ఈయన వెలగబెట్టిన వ్యవహారాలకి బదులుగా ఆవిడ ఆ ఆడవాళ్ళని తేనెటీగలుగా మార్చేసి పెరట్లో పెట్టెల్లో పెంచుకుంటుంది. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అని మనవాళ్ళు ఊరికే అనలేదు, ఒలింపస్ మీద ఇది అక్షరాలా జరుగుతోంది.

ఇదీ నా ఫిర్యాదు. ఆకాశ దేవుణ్ణి తీసుకొచ్చి, రిటైర్మెంట్ దగ్గరపడ్డా సీటు వదలని ఓ కంపెనీ ముసలి చైర్మన్‌ని చేశారు.

మిగతావాళ్ళూ తక్కువేం తినలేదు లెండి. 1994లో హెర్క్యులిస్ టీవీ సినిమాల్లో ఆంథనీ క్విన్ జియస్‌గా వచ్చాడు. 2020లో బ్లడ్ ఆఫ్ జియస్ అని యానిమేషన్‌లో గడ్డం గంభీరంగానే గీశారు, కానీ అక్కడా కొంపలో రామాయణమే. డిస్నీ వాళ్ళ పెర్సీ జాక్సన్‌లో అయితే ఒలింపస్ ఇప్పుడు న్యూయార్క్‌లో ఉంటుంది, ఎంపైర్ స్టేట్ బిల్డింగ్‌లో లిఫ్ట్ ఎక్కి 600వ అంతస్తుకి వెళ్ళాలి, నిజం బిల్డింగ్‌కి ఉన్నవి 102. అక్కడ జియస్ పిడుగే పోతుంది, ఆకాశ దేవుడు పిడుగు పోగొట్టుకుని పన్నెండేళ్ళ పిల్లాడి మీద దొంగతనం మోపుతాడు. జియస్ వేషం లాన్స్ రెడిక్ వేశాడు, సిరీస్ విడుదల కాకముందే 2023 మార్చిలో చనిపోయాడు, మొదటి సీజన్ చివర్లో కాసేపే కనబడినా ఆ గొంతుకి మాత్రం నాకు నిజంగా భయమేసింది, ఇది ఫిర్యాదులో భాగం కాదు, ఊరికే చెప్తున్నా.

సరే, కేసు గట్టిగా ఉండాలంటే పాత డాక్యుమెంట్లు జతచెయ్యాలి కదా, అసలు జియస్ గారు ఎంత హుందాగా ఉండేవారో చూపిద్దామని ప్రాచీన గ్రీకు కవి హోమర్ రాసిన ఇలియడ్ కావ్యం తీశాను. తీయకుండా ఉండాల్సింది.

పద్నాలుగో సర్గలో ఏముందంటే, ట్రాయ్ యుద్ధంలో గ్రీకులకి పోసైడన్ సాయం చేస్తుంటాడు, జియస్ చూస్తే ఊరుకోడు, అందుకని ఆయన దృష్టి మళ్ళించాలని హీరా ముస్తాబై, ప్రేమ దేవత ఆఫ్రొడైటీ దగ్గర మంత్రపు పట్టీ అరువు తెచ్చుకుని మరీ కొండ మీదికి వస్తుంది. జియస్ చూసి ఫ్లాట్. సరే, అప్పుడు భార్యని పొగడాలి కదా, ఎలా పొగిడాడో చూడండి: నీ మీద కలిగినంత మోహం నాకు ఇంతవరకు ఎవరిమీదా కలగలేదు అని మొదలుపెట్టి, ఇక్సియాన్ పెళ్ళాం మీద కలగలేదు, డానే మీద కలగలేదు, యూరోపా మీద, సెమెలీ మీద, అల్క్‌మినీ మీద, డిమీటర్ మీద, లీటో మీద కూడా కలగలేదు అని వరసగా ఏడుగురి పేర్లు చదువుతాడు. కట్టుకున్న భార్య ముందు! మధ్యమధ్యలో ఎవరికి ఏ కొడుకు పుట్టాడో కూడా చెప్తాడు. మన ఇళ్ళల్లో ఎవరైనా మొగుడు ఈ టైపు పొగడ్త ట్రై చేస్తే రెండో పేరు దగ్గరే గరిటె గాల్లో లేస్తుంది. హీరా ఓపికగా విని, ఆయన్ని నిద్రపుచ్చి పని కానిచ్చుకుంటుంది. నెట్‌ఫ్లిక్స్ రైటర్లు ఎంత తలలు బద్దలుకొట్టుకున్నా ఈ సీన్‌ని మించింది రాయలేరు, నిజానికి వాళ్ళే చాలా మర్యాద పాటించారు.

ఆ లిస్టులో అల్క్‌మినీ దగ్గరికి ఈయన ఆవిడ భర్త రూపంలో వెళ్ళాడు. అహల్య కథ తెలిసిన మనకి ఇది కొత్తగా అనిపించదు. మన ఇంద్రుడూ అంతే, చేతిలో వజ్రాయుధం, మనసులో ఎప్పుడూ సీటు గురించి దిగులు, ఎక్కడో అడవిలో ఎవడో కళ్ళు మూసుకుని తపస్సు చేస్తే ఇక్కడ సింహాసనం గజగజ, వెంటనే మేనకకో రంభకో కాల్. కేయాస్ చూస్తుంటే ఎక్కడో చూసినట్టుందే అనిపించింది ఇందుకే. కాకపోతే మన ఇంద్రుడికి శాపం పెట్టడానికి గౌతముడైనా ఉన్నాడు, జియస్‌కి ఆ ఇబ్బంది కూడా లేదు.

అసలు మనోభావాల కేసు నేను మొదట వేస్తున్నానని మురిసిపోయాగానీ, క్రీస్తుకి పూర్వం ఆరో శతాబ్దంలోనే జెనోఫనీస్ అనే గ్రీకు తత్వవేత్త వేసేశాడు. మనుషుల్లో సిగ్గుచేటు అనుకునే పనులన్నీ, దొంగతనం, వ్యభిచారం, ఒకర్నొకరు మోసం చేసుకోవడం, హోమరూ, హీసియడ్ అనే ఇంకో పాత కవీ కలిసి దేవుళ్ళకి అంటగట్టారని మండిపడ్డాడు. పాతికవందల ఏళ్ళు దాటినా కేసు పెండింగ్‌లోనే ఉంది, కోర్టులంటే ఎక్కడైనా కోర్టులే.

ఇంతకీ ఫిర్యాదు చేసే హక్కు నిజంగా ఉన్నవాళ్ళు కొందరున్నారు. గ్రీసులో పాత దేవుళ్ళని ఇప్పటికీ కొలిచేవాళ్ళు 2007 జనవరిలో ఏథెన్స్‌లోని ఒలింపియన్ జియస్ గుడి దగ్గర పూజ చేసుకున్నారు, ప్రభుత్వం కుదరదన్నా వినకుండా. ఆ గుడికి ఒకప్పుడు 104 స్తంభాలు, ఇప్పుడు నిలబడి ఉన్నవి 15. పదహారోది కిందపడి ఉంటుంది, దాని ముక్కలు తరిగిన అరటికాయ చక్రాల్లా వరసగా ఒరిగి ఉంటాయి. 1852లో పడింది, దేనికో తెలుసా, గాలివానకి! గాలివానల దేవుడి గుడి స్తంభాన్ని గాలివాన పడగొడితే ఇంక ఎవరి మీద కేసు పెడతాం చెప్పండి, ముద్దాయీ ఆయనే, బాధితుడూ ఆయనే.

అదే ఏథెన్స్‌లో క్రీ.పూ. 414లో అరిస్టోఫనీస్ అనే హాస్య నాటకాల రచయిత పక్షులు అని ఒక నాటకం వేయించాడు. పక్షులన్నీ కలిసి భూమికీ ఆకాశానికీ మధ్య ఊరు కట్టేసుకుని, కింద మనుషులిచ్చే బలుల పొగ పైకి వెళ్ళకుండా ఆపేస్తాయి. దేవుళ్ళకి ఆకలి. ప్రోమిథియస్ రహస్యంగా వచ్చి జియస్ పని అయిపోయిందని ఉప్పందిస్తాడు, పైనుంచి జియస్ చూస్తాడేమోనని గొడుగేసుకుని మరీ వస్తాడు! పైనుంచి రాజీకి ముగ్గురు దేవుళ్ళు దిగుతారు, అందులో ఒకడికి గ్రీకే సరిగ్గా రాదు, హెర్క్యులిస్‌కేమో వంట వాసన తగలగానే అన్ని షరతులూ ఓకే. చివరికి జియస్ రాజదండం ఇచ్చేసుకుంటాడు. ఇదంతా ఎక్కడ ఆడారనుకున్నారు, ఆయన కొడుకు డయొనైసస్ పండగలో, ఊరి జనమంతా కూర్చుని చూశారు. ఆ ఏడాది పోటీలో రెండో బహుమతి కూడా ఇచ్చారు. అప్పుడు కూడా ప్రోమిథియసే కుట్ర, అప్పుడు కూడా కొడుకు ఇంట్లోనే పరువు పోవడం, అంటే కేయాస్ వాళ్ళు కొత్తగా అవమానించింది పెద్దగా ఏమీ లేదు, ట్రాక్‌సూట్ తప్ప.

అలాంటి ఘనచరిత్ర ఉన్న దేవుణ్ణి నెట్‌ఫ్లిక్స్ 2024 అక్టోబర్లో, రిలీజై నెలన్నర కాకుండానే, రెండో సీజన్ లేదని చెప్పి పంపించేసింది. ఎనిమిదో ఎపిసోడ్‌లో దేవుడి ఒంట్లోంచి రక్తం వస్తుంది, ఆయన కంగారుగా చూసుకుంటాడు, అంతే, అక్కడితో ఆగిపోయింది. పాపం నుదుటి మీద గీత చూసుకుని వణికాడుగానీ, ఆయన్ని ముంచిన గీత ఏ ఆఫీసులోనో కంప్యూటర్లో కిందికి దిగుతున్న వ్యూస్ గ్రాఫ్‌ది అయ్యుంటుందని నా అనుమానం. అరిస్టోఫనీస్ కనీసం పక్షుల చేతిలో పూర్తిగా ఓడించి, దండం లాక్కుని, జనం చేత చప్పట్లు కొట్టించి పంపించాడు. వీళ్ళు ఓడిపోవడానికి కూడా డేట్లు ఇవ్వలేదు. నా ఫిర్యాదులో ట్రాక్‌సూట్ పేరా కొట్టేసి ఇది రాసుకోండి.