లెక్కలోంచి తప్పించిన క్రోమోజోమ్

మగవాళ్లు ఆడవాళ్లకంటే ముందుగా ఎందుకు పోతారని అడిగితే జవాబు అందరి దగ్గరా సిద్ధంగా ఉంటుంది. పొగ, మందు, ప్రమాదాలు, ఒంట్లో బాగాలేకపోయినా డాక్టరు దగ్గరికి వెళ్లని మొండితనం. ఇవన్నీ నిజమే, కాదనను. కానీ వయసు పైబడేకొద్దీ మగవాళ్ల రక్తకణాల్లోంచి, వాళ్లకు మాత్రమే ఉండే వై క్రోమోజోమ్ జారిపోతోందనీ, ఆ నష్టం గుండెదాకా పోతుందనీ పరిశోధనలు పదేళ్లుగా చెబుతూనే ఉన్నా, ఈ జాబితాలో దానికి చోటు దక్కలేదు. దీన్ని ఏమరుపాటు అనలేం. వై వైపు చూడనవసరం లేదని జన్యుశాస్త్రం ఎప్పుడో తీర్మానించుకుంది.

వృద్ధుల రక్తకణాల్లో వై కనిపించకపోవడాన్ని 1960ల్లోనే సూక్ష్మదర్శినిలో చూశారు. ముసలితనంలో ఇవన్నీ మామూలేనని చేతులు దులుపుకున్నారు. అర్ధశతాబ్దం తర్వాత, 2014లో, స్వీడన్‌లోని ఉప్సలా విశ్వవిద్యాలయంలో లార్స్ ఫోర్స్‌బెర్గ్, యాన్ దుమాన్‌స్కీ బృందం తీరిగ్గా లెక్క తీసింది. ఈ నష్టం ఎక్కువగా ఉన్న పురుషుల ఆయుర్దాయం మిగతావాళ్లకంటే 5.5 ఏళ్లు తక్కువని తేలింది. పరిశోధనల కోసం జనం రక్త నమూనాలు, ఆరోగ్య వివరాలు దాచే బ్రిటన్ బయోబ్యాంకులోని 2 లక్షలకు పైగా మగవాళ్ల నమూనాలను పరిశీలించి 2019లో ప్రచురించిన అధ్యయనంలో ప్రతి ఐదుగురిలో ఒకరికి ఎంతోకొంత మేర ఈ లోపం కనిపించింది. డెబ్బయ్యో పడికి వచ్చేసరికి ఆ వాటా 40 శాతానికి పైనే. ఇంతమందికి ఉన్నదాన్ని పట్టించుకోకపోతే ఎలా?

ఇది జబ్బుకు కారణం కాదు, నెరిసిన జుట్టులా వయసుకు గుర్తు మాత్రమే అన్నది అవతలి వాదన. తీసిపారేయదగ్గది కాదు. పొగతాగేవాళ్లలో వై నష్టం ఎక్కువనీ, మానేసినవాళ్లలో తక్కువనీ ఉప్సలా బృందమే తర్వాత చెప్పింది. మరి గుండెను పాడుచేసింది పొగా, వై లేకపోవడమా? మనుషులను ఎంతమందిని లెక్కపెట్టినా ఈ ముడి విడదు.

విప్పింది ఎలుకలు. అమెరికాలో వర్జీనియా విశ్వవిద్యాలయానికి చెందిన కెన్నెత్ వాల్ష్ బృందం రక్తకణాలు పుట్టే ఎముక మజ్జను మగ ఎలుకల్లోంచి తీసి, దాని కణాల్లోంచి డీఎన్ఏను కత్తిరించే క్రిస్పర్ సాధనంతో వై క్రోమోజోమ్‌ను తొలగించి, ఆ మజ్జను వేరే మగ ఎలుకలకు ఎక్కించింది. వాటి గుండె కణాల్లో వై భద్రంగానే ఉంది, పోయింది రక్తకణాల్లోనే. పైగా అవి పొగతాగవు. అయినా రోజులు గడిచేకొద్దీ గుండె కండరంలో పీచు పేరుకుంది. గుండె బిగుసుకుపోయి పంపు చేసే బలం సన్నగిల్లింది, ఆ ఎలుకలు ముందుగా చచ్చిపోయాయి. నేరం రక్తంలోంచి గుండెలోకి చేరిన మాక్రోఫేజ్ అనే రోగనిరోధక కణాలది. వై పోగొట్టుకున్న ఈ కణాలు పీచును పెంచే టీజీఎఫ్-బీటా సంకేతాన్ని ఎగదోశాయి. ఆ సంకేతానికి యాంటీబాడీతో అడ్డుకట్ట వేస్తే గుండె కొంత తేరుకుంది. ఉత్త వయసు గుర్తే అయితే మందుకు ఎందుకు లొంగుతుంది? 2022లో సైన్స్ పత్రికలో వచ్చిన ఈ పేపర్ మనుషుల సంగతీ చూసింది. 40 శాతానికి మించిన తెల్లకణాల్లో వై లేనివాళ్లు రక్తప్రసరణ జబ్బులతో చనిపోయే ముప్పు 31 శాతం ఎక్కువ.

క్యాన్సర్ దగ్గర కథ ఇంకా రంజుగా ఉంది. 2023లో నేచర్ పత్రికలో రెండు పేపర్లు పక్కపక్కనే వచ్చాయి. మూత్రాశయ క్యాన్సర్‌లో వై పోయిన కణితులు క్యాన్సర్‌పై దాడి చేసే టీ కణాలను నీరసింపజేసి విచ్చలవిడిగా పెరుగుతున్నాయని, అయితే రోగనిరోధక శక్తిని ఉసిగొలిపే ఇమ్యూనోథెరపీకి అవే బాగా లొంగుతున్నాయని ఒకటి చెప్పింది. పెద్దపేగు క్యాన్సర్‌లో వై మీదున్న కేడీఎం5డీ అనే జన్యువే జబ్బు పాకడానికి తోడ్పడుతోందని రెండోది. ఒకచోట లేకపోతే ముప్పు, ఇంకోచోట ఉంటే ముప్పు. మగబిడ్డా కాదా అని తేల్చేసి మిగతా జీవితమంతా ఖాళీగా కూర్చునే క్రోమోజోమ్ చేసే పనులా ఇవి?

ఇంతకాలం ఎందుకు తెలియలేదంటే, చదవలేదు కాబట్టి. 2003లో మానవ జీనోమ్‌ను, అంటే మనిషి డీఎన్ఏ మొత్తాన్ని, చదవడం పూర్తయిందని ప్రకటించారు. అప్పటికీ, ఆ తర్వాత ఇరవై ఏళ్లపాటూ, ప్రామాణిక ప్రతిలో వై సగానికి పైగా ఖాళీయే. ఒకే వరుస పదేపదే వచ్చే భాగాలను పాత యంత్రాలు అతికించలేకపోయాయి. 2023 ఆగస్టులో టీ2టీ కన్సార్టియం అనే శాస్త్రవేత్తల కూటమి వై మొత్తాన్ని, 6.2 కోట్ల పైచిలుకు డీఎన్ఏ అక్షరాలను, మొదటిసారి చదివింది. అందులో 3 కోట్లకు పైగా కొత్తవి. ప్రొటీన్లు తయారుచేసే జన్యువులే 41 అదనంగా దొరికాయి.

పోనీ వైకి జోడీ అయిన ఎక్స్ క్రోమోజోమ్‌నైనా చూశారా? జీనోమ్ అంతా జల్లెడ పట్టామని చెప్పుకున్న అధ్యయనాల్లో ఎక్స్‌ను కలుపుకున్నవి మూడో వంతేనని 2013లో ఒక సమీక్ష తేల్చింది. మగవాళ్లకు ఒక ఎక్స్, ఆడవాళ్లకు రెండు, అందులో ఒకటి మూతపడి ఉంటుంది. గణాంకాలు చిక్కుపడతాయి. జన్యు డేటా సాఫ్ట్‌వేర్‌లో ఒక్క ఆదేశం కొడితే ఎక్స్, వై పోయి 1 నుంచి 22 వరకు అంకెలున్న క్రోమోజోములే మిగిలి, తలనొప్పి వదిలిపోతుంది. ఆ సుఖానికి మూల్యం చెల్లించింది ఎక్కువగా ఆడవాళ్లు. రోగనిరోధక వ్యవస్థ సొంత శరీరం మీదే దాడిచేసే ఆటోఇమ్యూన్ జబ్బుల రోగుల్లో ప్రతి ఐదుగురిలో నలుగురు వాళ్లే. ఆ తేడాను ఏళ్ల తరబడి హార్మోన్ల మీదికి నెట్టేశారు. ఆడవాళ్లలో రెండో ఎక్స్‌ను మూతవేసే ఎగ్జిస్ట్ అనే ఆర్ఎన్ఏ అణువు, దాన్ని అంటిపెట్టుకుని ఉండే ప్రొటీన్లు రోగనిరోధక వ్యవస్థను సొంత శరీరం మీదికి రెచ్చగొట్టగలవని స్టాన్‌ఫర్డ్‌లో హోవార్డ్ చాంగ్ బృందం చూపించింది 2024లో!

కొలవడానికి వీలైనదే ముఖ్యమైనదిగా, వీలుకానిది పనికిరానిదిగా చలామణీ అవడం శాస్త్రంలో పాత జబ్బు. జన్యువులు లేని డీఎన్ఏను చెత్త అని కొట్టిపారేసిన రోజులూ చూశాం. ఈసారి మాత్రం సాకు చెప్పడానికి లేదు. రక్తంలో వై నష్టాన్ని బయటపెట్టింది ప్రత్యేకమైన పరీక్షేమీ కాదు, మామూలు జన్యు అధ్యయనాల్లో డీఎన్ఏను చదవడానికి వాడే చిప్‌లే. వై సంకేతం ఎంత బలంగా ఉందో వాటి ఫైళ్లలో ఇప్పటికే నమోదై ఉంది. ఎక్స్, వై ఫలితాలు లేనిదే తుది నివేదిక తీసుకోబోమని నిధులిచ్చే సంస్థలు ఒక్క షరతు పెట్టాలి. దానికోసం కొత్తగా ఎవరి రక్తమూ తీయనక్కర్లేదు.