చేతికి చిప్ప వచ్చేదాకా చెప్పొద్దు

అమెరికాలో మర్యాద అనేది పూర్తిగా పోయింది. ఒక పెద్దమనిషి సెలవుల్లో తన సొంత పడవను కారు వెనక ట్రైలర్ మీద కట్టుకుని హైవే మీద పోతుంటే, టోపీ పెట్టుకున్న కుర్రాడెవడో చెయ్యి అడ్డం పెట్టి ఆపుతాడు. సారా ఉందా, గంజాయి ఉందా అని కాదు. "ఈ పడవ చివరిసారి ఏ నీళ్లలో దిగింది?" అని అడుగుతాడు. తర్వాత టార్చిలైటు పట్టుకుని పడవ కిందికి దూరతాడు. ఇంజను సందుల్లో వేళ్లు పెట్టి తడుముతాడు. అడుగున గ్లాసుడు నీళ్లు నిలిచినా వంపేయమంటాడు. కొన్నిచోట్ల ఈ పనికి కుక్కలకు కూడా తర్ఫీదు ఇచ్చారు. అవి వాసన పట్టేది ఆల్చిప్పలను.

ఇంతవరకూ ఓర్చుకోవచ్చు. రోడ్డు మీద ఆపడం మనకేం కొత్త కాదు. నా కడుపు మండింది ఆ తర్వాతి సంగతికి. ఆ కుర్రాడు తాను చూసిందంతా ఫోనులో ఎక్కిస్తాడు. పడవ నంబరేమిటి, ఎక్కణ్నుంచి వచ్చింది, చిప్ప దొరికిందా లేదా, అన్నీ. పక్క రాష్ట్రంలో ఇంకో సరస్సు గట్టున కూర్చున్న ఇంకో కుర్రాడు ఆ వివరాలన్నీ తన ఫోనులో చూసుకోవచ్చు, పడవ ఇంకా దారిలో ఉండగానే. కొలరాడో వన్యప్రాణి శాఖవాళ్లు తయారుచేసిన ఈ ఏర్పాటులో పడమటి రాష్ట్రాలు ఒక్కొక్కటిగా చేరుతూ వచ్చాయి. అంటే ఒక రాష్ట్రం తన దగ్గరున్న లెక్కను ఇంకో రాష్ట్రానికి అడక్కుండానే ఇచ్చేస్తోంది. కేసు లేదు, కోర్టు లేదు, 'తమరి లేఖకు ప్రత్యుత్తరంగా' అన్న ముక్క కూడా లేదు.

నేను చెన్నైలో ముప్పై ఏళ్లుగా లెక్కలు రాసి బతుకుతున్నవాణ్ని. లెక్కల పుస్తకం అంటే ఏమిటో, అది ఎవరెవరికి చూపించకూడదో తెలిసినవాణ్ని. కాబట్టి ఈ విపరీతం మన దేశానికి పాకకముందే నా అభ్యంతరాన్ని నమోదు చేయడం బాధ్యత అనుకుంటున్నాను.

ముందు వాళ్ల గోడు విందాం. క్వాగా, జీబ్రా అని రెండు రకాల ఆల్చిప్పలున్నాయి. పుట్టిల్లు నల్లసముద్రం, కాస్పియన్ ప్రాంతం. సైజు వేలిగోరంత. ఓడలు బరువు సరిచూసుకోవడానికి అడుగున నింపుకునే నీళ్లలో కూర్చుని 1980ల్లో అమెరికా ఈశాన్యాన ఉన్న పెద్ద సరస్సుల్లో దిగాయి. తీరా 2007 జనవరిలో చూస్తే, దేశానికి అవతలి కొసన ఎడారిలో, హూవర్ డ్యామ్ వెనకున్న మీడ్ సరస్సులో క్వాగా కనిపించింది. ఎడారి దాటి ఆల్చిప్ప నడిచి పోదు కదా. ఏదో పడవకు అంటుకుని, ట్రైలర్ మీద దర్జాగా పోయి ఉంటుందని అంచనా. టోల్ కూడా కట్టి ఉండదు.

ఒక ఆడచిప్ప ఏడాదికి పది లక్షల దాకా గుడ్లు పెట్టగలదు. పిల్లలు కంటికి కనపడవు. పడవ అడుగున మిగిలిన ఆ గ్లాసుడు నీళ్లే వాటికి ఏసీ బోగీ. పెద్దవైతే కాస్త చల్లగా, తడిగా ఉంటే చాలు, నీళ్లు లేకుండానే వారాల తరబడి బతుకుతాయి. తాగునీటి గొట్టాల్లో, డ్యామ్‌లో యంత్రాలను చల్లబరిచే గొట్టాల్లో పొర మీద పొరగా పేరుకుంటాయి. ఒక పెద్ద సరస్సులో స్థిరపడ్డాక వాటిని పూర్తిగా వెళ్లగొట్టడం అంటే అయ్యే పని కాదు. 2023 సెప్టెంబరులో ఐడహో రాష్ట్రంలో స్నేక్ నదిలో వీటి పిల్లలు బయటపడ్డాయి. వాళ్లు ఆ భాగంలోకి ఎవర్నీ దిగనివ్వకుండా మూసేసి, నదిలో రాగితో చేసిన మందు పోశారు. నదిలో! మరుసటి ఏడాది మళ్లీ కనిపించాయి. అందుకని రాకముందే ఆపడం ఒక్కటే దారని వాళ్ల వాదన. శుభ్రం చెయ్యి, నీళ్లు వంపు, ఆరబెట్టు అని ప్రతి రేవులో బోర్డు పెట్టారు. చిప్ప దొరికిన పడవను 60 డిగ్రీల వేడినీళ్లతో కడుగుతారు. తనిఖీ అయిన పడవను ట్రైలర్‌తో కలిపి తీగ చుట్టి, సీలు వేసి, రసీదు ఇస్తారు. సీలు తెగలేదంటే మధ్యలో ఎక్కడా నీళ్లలో దిగలేదని అర్థం. మన కరెంటు మీటరుకు వేసే సీలు లాంటిదే, దాన్ని చూసి నమ్ముతారన్నది ఒక్కటే తేడా.

ఇదంతా వినడానికి బాగానే ఉంటుంది. కానీ మనకంటూ ఒక సంస్కృతి ఉంది. ఇంటి గుట్టు లంకకు చేటు అని పెద్దలు ఊరికే అనలేదు. విభీషణుడు చేసింది డేటా షేరింగ్ కాక మరేమిటి? పక్క రాష్ట్రానికి వివరాలన్నీ అందించాడు. ఏమైంది? అంత ఎత్తు బంగారు లంక పోయింది. ఒకసారి ఇంత దెబ్బ తిన్న జాతికి మళ్లీ యాప్ పెట్టమని చెప్పడానికి నోరెలా వస్తుంది?

గుట్టు ఎలా కాపాడుకోవాలో మా పెరంబూరు అపార్ట్‌మెంట్‌ను చూసి నేర్చుకోవచ్చు. రెండు బ్లాకులు, రెండు గేట్లు, రెండు రిజిస్టర్లు. 'ఏ' బ్లాకు గేటులో సంతకం పెట్టినవాడి సంగతి బీ బ్లాకు వాచ్‌మన్‌కు తెలియదు, తెలియకూడదు కూడా. నిరుడు 'ఏ' బ్లాకు మూడో అంతస్తులో నల్లులు పడ్డాయి. బయటికి పొక్కితే ఫ్లాట్ల రేటు పడిపోతుందని వాళ్లు గుంభనంగా ఊరుకున్నారు. అది బాధ్యతాయుతమైన నిర్ణయం. కాకపోతే వాళ్లు అదే వారంలో ఒక సోఫా అమ్మకానికి పెట్టారు. మంచి టేకు సోఫా, కారుచవక. కొన్నది నేనే.

"ఏమండీ, ఇంత తక్కువకు ఎందుకిస్తున్నారో అడిగారా?" అంది మా ఆవిడ.

"అలా అడగడం మర్యాద కాదు" అన్నాను.

నాలుగో రోజుకు మా హాలు, పదో రోజుకు పిల్ల మంచం. అప్పుడు మేమూ బాధ్యతగా ప్రవర్తించాం. బీ బ్లాకులో ఎవరికీ చెప్పలేదు. ఒక రాత్రి సోఫాను కిందికి దించి మెట్ల పక్కన పెట్టేశాం. తెల్లారేసరికి వాచ్‌మన్ దాన్ని ఎంతో సంతోషంగా వ్యాసర్పాడిలో వాళ్లింటికి తీసుకుపోయాడు. ఇప్పుడు రెండు బ్లాకుల్లోనూ, వ్యాసర్పాడిలో ఒక వీధిలోనూ నల్లులున్నాయి. గుట్టు మాత్రం ఇంతవరకూ చెక్కుచెదరలేదు.

ఆల్చిప్పలు అమెరికా గొడవ, మనకెందుకు అంటారేమో. మనకూ ఉంది. దాన్ని తమిళంలో కాక్కా ఆళి అంటారు. మధ్య, దక్షిణ అమెరికా తీరాల నుంచి వచ్చిన నల్లటి ఆల్చిప్ప. కేరళలో అష్టముడి కాయల్ అనే ఉప్పునీటి సరస్సులో ముందే దిగి, అక్కడి పచ్చ ఆల్చిప్పలను పక్కకు తోసి కూర్చుంది. వాళ్లు దానికి వరత్తన్ కక్క అని పేరు పెట్టారు, అంటే బయటినుంచి వచ్చినవాడని. ఇక్కడ ఎన్నూరు క్రీక్‌లోనూ, పళవేర్కాడు, అంటే పులికాట్ సరస్సు తమిళనాడు వైపు నీళ్లలోనూ అడుగంతా తివాచీ పరిచినట్టు పరుచుకుంది. రొయ్య బురదలో దాక్కుంటుంది, బురదలోనే తింటుంది. బురద మీద చిప్పలు కప్పేస్తే రొయ్యకు ఇల్లూ లేదు, తిండీ లేదు. నీళ్లలో కూర్చుని చేత్తో తడిమి రొయ్యలు పట్టుకునే ఇరుళర్ గిరిజనుల చేతికి ఇప్పుడు తగిలేది చిప్పే. 'చేతికి చిప్ప' అన్న మాటను మనం ఇన్నాళ్లూ దివాలాకే వాడుకున్నాం. ఇక్కడ రెండు అర్థాలూ ఒకేసారి సరిపోయాయి. ఈ గొడవ జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లింది.

ఎలా వచ్చిందంటే, మళ్లీ ఓడల నీళ్ల మీదే అనుమానం. ఓడలు ఎక్కడ నీళ్లు నింపుకున్నాయో, ఎక్కడ వదిలాయో రాసే పుస్తకం ఒకటి ఉండాలని 2004లో అంతర్జాతీయ ఒప్పందం చేసుకున్నారు. అది అమల్లోకి వచ్చేసరికి 2017. పదమూడేళ్లు. ఆల్చిప్పలు ఈలోపు ఖాళీగా కూర్చోలేదు.

ఇక పులికాట్ సంగతి మరీ ముచ్చట. ఒకటే సరస్సు, రెండు రాష్ట్రాలు. ఎక్కువ భాగం ఆంధ్రలో, దక్షిణపు కొస తమిళనాడులో. గీత మ్యాపు మీద ఉంది, నీళ్ల మీద లేదు. మా బావ తడ దగ్గర సరస్సు ఒడ్డు ఊళ్లోనే ఉంటాడు. ఒకరోజు ఫోన్ చేశాడు.

"ఏం బావా, మీ ఎన్నూరులో ఏందో చిప్ప పట్టిందంటగా. మా తట్టుకొస్తే గుర్తుపట్టేదెట్టా?"

"నల్లగా ఉంటుందట. తమిళ పేపర్లో ఫోటో వేశారు."

"ఆ ఫోటో నాకు పంపు బావా. మావోళ్లందరికీ చూపిస్తా."

నేను తటపటాయించాను. ఒక రాష్ట్రంలో అచ్చయిన వివరాన్ని, ఎవరి అనుమతీ లేకుండా, వాట్సాప్‌లో ఇంకో రాష్ట్రానికి పంపడమా? "ఆలోచించి చెప్తా" అన్నాను. మా బావ ఏదో అన్నాడు. అది ఇక్కడ రాయలేను.

నిజానికి పులికాట్ జాలర్ల మీద నాకు ఇంకో ఫిర్యాదు కూడా ఉంది. వాళ్లలో పాడు అని ఒక పద్ధతి తరతరాలుగా నడుస్తోంది. ఏ ఊరివాళ్లు ఏ రోజు సరస్సులో ఏ చోట వల కట్టాలో వంతులేసుకుంటారు. చీట్లు తీసి ఎవరి చోటు వాళ్లకు పంచుతారు. ఎవరు ఎక్కడున్నారో అందరికీ తెలుసు. పాస్‌వర్డ్ లేదు, సర్వర్ లేదు, టెండర్ అంతకన్నా లేదు. ఇలా ఉన్న లెక్కంతా నలుగురి నోళ్లలో పెట్టుకుంటే రేపు శాఖలకు పనేముంటుంది? పద్ధతికి ఆ పేరు పెట్టినవాడికి తెలుగు వచ్చి ఉండాలి.

శాఖలంటే గుర్తొచ్చింది. ఆల్చిప్ప ఏ శాఖ కిందికి వస్తుందో ముందు తేల్చాలి. చేప కాదు గనక మత్స్యశాఖ ఆలోచిస్తుంది. పులికాట్ పక్షుల అభయారణ్యం గనక అటవీ శాఖ కదలాలి, కానీ చిప్పకు రెక్కల్లేవు. పూడిక అంటే జలవనరుల శాఖ. ఓడ అంటే రేవు. ఇన్ని శాఖల మధ్య సమన్వయానికి ఒక కమిటీ వేసి, దాని నివేదికను ప్రతి శాఖా తన బీరువాలో విడివిడిగా తాళం వేసుకోవాలని నా సూచన. బీరువాలో ఉన్న లెక్కకు నల్లి కూడా పట్టదు. అసలు ఆల్చిప్పకు, మన ఆఫీసుకు ఇన్ని పోలికలున్నాక శత్రుత్వమేమిటో నాకు అర్థం కాదు. రెండూ ఒకసారి కూర్చున్న చోటుకు సన్నటి దారాలతో అంటుకుపోతాయి, మళ్లీ లేవవు. రెండూ ఎవరైనా దగ్గరికి వస్తే నోరు మూసుకుంటాయి.

సమాచారం పంచుకోవడం మొదలుపెడితే ఎక్కడ ఆగుతుందో తెలుసా? 2021లో సియాటిల్‌లో ఒక పెంపుడు చేపల దుకాణంలో, అక్వేరియంలో వేసే పచ్చటి నాచుబంతికి జీబ్రా చిప్ప అంటుకుని ఉండటం ఎవరో చూశారు. చూసినవాడు ఊరుకోవచ్చు కదా. చెప్పాడు. దేశమంతా దుకాణాల్లో వెతికితే చాలా రాష్ట్రాల్లో అవే బంతులు, అవే చిప్పలు. చివరికి ప్రభుత్వం పౌరులను పిలిచి, మీ నాచుబంతిని మరిగించి గానీ గడ్డకట్టించి గానీ పారేయండి, ఊరికే కాలవలో వదలొద్దు అని బతిమాలింది. ఒక్కడు నోరు తెరిచినందుకు ఎన్ని వంటిళ్లలో నాచు ఉడికిందో చూడండి. మాకు కూతవేటు దూరంలో కొళత్తూరు ఉంది. రంగు చేపల వ్యాపారానికి చెన్నైలో పెట్టింది పేరు. అక్కడ గాజుతొట్టెల ముందు నిలబడినప్పుడల్లా నేను ఎవర్నీ ఏమీ అడగను.

ఇదిలా ఉండగా పోయిన నెల మా బావ మళ్లీ ఫోన్ చేశాడు. ఎన్నూరులో ఒకాయన రొయ్యల వేట మానేశాడట, వలలు అమ్మేస్తున్నాడట, కారుచవకట. ఆదివారం వస్తూ కారులో వేసుకురమ్మన్నాడు. తెచ్చి డిక్కీలో పడేశాను. తడి ఆరలేదు. ముడుల దగ్గర వేలిగోరంత నల్లటివి ఏవో అంటుకుని ఉన్నాయి.

"ఏమండీ, ఇంత తక్కువకు ఎందుకిస్తున్నాడో అడిగారా?" అంది మా ఆవిడ, డిక్కీ వైపు చూస్తూ.

సరిహద్దు దగ్గర ఆపారు. సీసాలేమైనా ఉన్నాయా అన్నారు. ఉన్నది ఒకటే, ఆవకాయ సీసా. మూత తీయించి, వాసన చూసి, కింద నూనె తప్ప ఇంకేమీ లేదని రూఢి చేసుకున్నారు. డిక్కీ కూడా తెరిపించారు.

"అదేంటి?"

"వల సార్."

"సరే, పోనీండి."

రిజిస్టరులో నా పేరు, బండి నంబరు రాసుకున్నారు. వివరాల దగ్గర 'పచ్చడి' అని రాయడం నేను కళ్లారా చూశాను. "ఇది అవతలివైపు వాళ్లకు కూడా పంపిస్తారా సార్?" అని అడిగాను. "వాళ్లకెందుకు చూపిస్తాం?" అన్నాడాయన, నన్నేదో అనుమానంగా చూస్తూ. నా మనసు కుదుటపడింది.

మా బావ సరస్సు గట్టునే ఎదురుచూస్తున్నాడు. వల విప్పి అటూ ఇటూ చూశాడు. "ఏందో నల్లగా పట్టుకోనుంది బావా, మురికేమో" అన్నాడు. నాకు పేపర్లో ఫోటో గుర్తొచ్చింది. అరవై డిగ్రీల వేడినీళ్లు కూడా గుర్తొచ్చాయి. నోటిదాకా వచ్చిన మాటను లోపలికే మింగేశాను.

"ఓ పాలి నీళ్లలో జాడిస్తే పోద్దిలే" అని మా బావ పంచె ఎగ్గట్టుకుని, వల భుజాన వేసుకుని, సరస్సులోకి దిగాడు.